పది అడుగులు

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో గుర్తుందిగా? కొత్తమ్మ బల్లమీద ఒకేసారి రెండు వచ్చి పడ్డాయి. ఒకటి, బస్సు డ్రైవరు తిరిగి తెచ్చిన చిన్నపిల్ల బూట్ల జత. రెండోది, అందరూ బాబాయి అని పిలిచే పాత పనివాడు రాసిన రాజీనామా కాగితం.

మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కాళ్లు సమానంగా లేనివాళ్లకి, పాదం వంకర తిరిగినవాళ్లకి వాళ్ల కొలతకే బూట్లు కుట్టే కార్ఖానా ఇది. ముప్పై ఏళ్లు నడిపిన పెద్దాయనకి ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చింది. పిల్లల్లేని మనిషి. మేనకోడల్ని పిలిచి తాళాలు చేతిలో పెట్టాడు. ఏదో పెద్ద కంపెనీలో పట్టికలూ గ్రాఫులూ గీసే ఉద్యోగం వదులుకుని వచ్చిన ఆమెకి పనివాళ్లు పెట్టిన పేరు కొత్తమ్మ. ఆరు నెలలైనా ఆ పేరు పాతబడలేదు. వచ్చీ రాగానే కొలతలకి అచ్చు ఫారాలు వేయించింది. సందేహాలుంటే చీటీ రాసి వేయమని గోడకి ఒక పెట్టె తగిలించింది. పది అడుగులు ఆపించింది.

పది అడుగులంటే ఇదీ. ముందు హాల్లో తలుపు దగ్గర్నుంచి ఎదురుగోడకున్న నిలువుటద్దం దాకా సరిగ్గా పది అడుగుల నడక. కొత్త బూట్లు తొడుక్కున్న మనిషి అంతదూరం నడిచి చూసుకోవాలి. ఆ జత చేసినవాడు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి వచ్చి, అద్దం పక్కన నిలబడి చూడాలి. పదో అడుగు పడేదాకా హాల్లో ఎవరూ నోరు విప్పకూడదు. పెద్దాయన పెట్టిన పద్ధతి అది. కొత్తమ్మ గడియారం చూసింది. జతకి ఇరవై నిమిషాలు పోతున్నాయి. పనివాళ్లు హాల్లోకి రాకూడదని నోటీసు అంటించింది. మొదటి నెల జతల సంఖ్య పెరిగింది. మూడో నెలలో ఉన్నచోటే ఆగింది. నాలుగో నెల నుంచి దిగడం మొదలైంది. ఎందుకో ఆమెకి అంతుపట్టలేదు. అందరికీ ఉత్సాహంగా ఉంటుందని 'ఈ నెల మేటి పనివారు' అంటూ ఒక ఫొటో ఫ్రేము కూడా పెట్టించింది. అందులో మొదటి ఫొటో బాబాయిదే. ఇప్పుడు ఆ ఫొటో కిందే నిలబడి రాజీనామా ఇచ్చాడు ఆ మహానుభావుడు. ఇచ్చి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

డ్రైవరు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. గొంతు పెంచలేదు. అదే కొత్తమ్మని ఎక్కువ బాధపెట్టింది.

"పాప మూడు రోజుల్నుంచి ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తోందండీ. కొత్తవి కదా, అలవాటవుతాయిలే అని మేమే సర్దిచెప్పాం. నిన్న నడుం నొప్పని ఏడ్చేసింది. సోమవారం కొత్త బడిలో చేర్పించాలి. ఏం చేస్తారో చూడండమ్మా," అన్నాడు. డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు.

కొత్తమ్మ బూట్లని చేతిలోకి తీసుకుంది. పాపకి కుడికాలు అంగుళంపావు పొట్టి. ఆ కొలతలు తీసింది తనే కాబట్టి బాగా గుర్తుంది. తీరా చూస్తే అంగుళంపావు ఎత్తు ఎడమ బూటుకి వేసి ఉంది. సరిచేయాల్సిన తేడా కాస్తా రెట్టింపయి కూర్చుంది. ఎత్తు వేసే పనిలో బాబాయి చేతికి తిరుగులేదని పెద్దాయన ఎప్పుడూ అనేవాడు. అలాంటి చెయ్యి ఎలా పొరబడిందో ఆమెకి అర్థం కాలేదు.

బూట్లూ కాగితమూ తీసుకుని లోపలికి వెళ్లింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బల్లలమీద పడుతోంది. బాబాయి తన పనిముట్లు తుడిచి గుడ్డసంచిలో సర్దుకుంటున్నాడు. తోలు చెక్కే రంపె, చిల్లులు పొడిచే ఆర, నున్నగా అరిగిన చిన్న సుత్తి. పక్కనే పైతోలు కుట్టే కుట్టక్క మిషను ఆపేసింది. మిగతా ముగ్గురూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు.

"బాబాయ్, లోపల గదిలో మాట్లాడుకుందామా?"

"ఇక్కడే మాట్లాడండి మేడమ్. వీళ్లకి తెలియంది ఏముంది?"

ఆ మేడమ్ అన్న మాట ఆమెకి ప్రతిసారీ ముల్లులా గుచ్చుకుంటుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ బల్లకిందే కూర్చుని తోలుముక్కలతో ఆడుకునేది. అప్పుడు ఈయన నోట అమ్మడూ తప్ప ఇంకో పిలుపు లేదు. తాళాలు తన చేతికి వచ్చిన రోజు నుంచి మేడమ్ అయిపోయింది.

"తప్పు ఎవరికైనా జరుగుతుంది బాబాయ్. ముప్పై ఏళ్లలో ఒకే ఒక్కటి. దానికి మానేస్తానంటే ఎలా?"

"నా చెయ్యి తప్పు చెయ్యలేదు మేడమ్," అన్నాడు బాబాయి. సొరుగులోంచి పాప కొలతల ఫారం తీసి ఆమె ముందు పరిచాడు. "ఎత్తు ఎక్కడ వెయ్యమని ఉందో చూడండి."

ఫారంలో రెండు పాదాల బొమ్మ ఉంది. ఎడమవైపున్న పాదం పక్కన ఆమె చేతిరాతే, అంగుళంపావు అని. పాదాల మీద కుడి ఎడమ అని రాసి లేదు.

"కుడి పాదం పక్కనే రాశాగా?" అంది కొత్తమ్మ. "ఇది అరికాళ్ల బొమ్మ బాబాయ్. డాక్టరుగారి గోడమీద ఉన్నదాన్ని చూసి వేయించా. కింది నుంచి చూస్తే ఎడమవైపు ఉండేది..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన హయాంలో మనిషిని కాగితం మీద నిలబెట్టి, పైనుంచి పెన్సిలుతో పాదం చుట్టూ గీసేవాళ్లు. అందులో ఎడమవైపున్నది ఎడమ పాదమే. ఈ కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా అందరూ చదివింది ఆ బొమ్మే. ఆమె వేయించిన బొమ్మ దానికి అద్దంలో నీడ. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

"అయితే ఇది నా తప్పు బాబాయ్," అంది మెల్లగా. మనసులో ఎక్కడో ఒక మూల తేలికపడింది కూడా. "మీది కానే కాదు. ఇంక ఆ కాగితం వెనక్కి తీసేసుకోండి."

బాబాయి తల అడ్డంగా ఊపాడు. సొరుగులోంచి ఇంకో మూట తీశాడు. పాప పాత బూట్లు. కొలతకని అప్పుడే ఇచ్చి వెళ్లారు.

"వీటిని చూసి ఏ కాలు పొట్టిదో చెప్పండి."

ఆమె తిప్పి చూసింది. ఎడమ బూటు అంతటా సమానంగా అరిగింది. కుడి బూటుకి మడమ కొత్తగానే ఉంది గానీ మునివేళ్ల దగ్గర సోలు చిల్లు పడేలా ఉంది. పాప ఆ కాలిని మునివేళ్ల మీద ఎత్తి నడిచేదన్నమాట.

"కుడిది," అంది.

"ఆరు నెలల్లో మీరు చెప్పగలిగారు. నాకు తెలీదా మేడమ్?"

కొత్తమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థం కాగానే చేతిలోని పాత బూటుని బల్లమీద పెట్టేసింది.

"తెలిసే చేశారా? తెలిసీ ఎడమదానికి ఎత్తు వేశారా? పసిపిల్ల బాబాయ్! మూడు రోజులు గోడ పట్టుకుని నడిచింది!"

ఆమె గొంతు కార్ఖానా అంతా వినపడింది. ఆరు నెలల్లో ఆమె అలా అరవడం అదే మొదలు. బాబాయి కోపం తెచ్చుకోలేదు. ఉన్నపళంగా ఇంకో పదేళ్లు మీదపడ్డవాడిలా స్టూలు మీద కూలబడ్డాడు.

"అదే కదా తల్లీ నా బాధ," అన్నాడు. "పాత బూట్లు చూశా. ఫారం చూశా. రెండూ కలవట్లేదు. పావుగంట అలాగే కూర్చున్నా. ఇదివరకైతే లేచి హాల్లోకి వెళ్లి, పాపా ఓసారి ఇటు నడువమ్మా అనేవాణ్ణి. ఇప్పుడు హాల్లోకి రాకూడదని నోటీసు. సరే, చీటీ రాద్దామని పెన్ను తీశా. ఏమని రాయాలి? బూటు చెప్పేది చీటీలో పడుతుందా? పెన్ను మళ్లీ జేబులో పెట్టేశా. కాగితం మీద ఎలా ఉంటే అలా చేసేద్దాం, నాకెందుకులే అనుకున్నా."

చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన సుత్తినే మళ్లీ తుడిచాడు.

"నాకెందుకులే. ఈ మాట నా నోట్లో ఎప్పుడూ లేదమ్మా. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. చెయ్యి తప్పు చేస్తే దిద్దుకుంటా. మనసే నాకెందుకని పక్కకి తిరిగాక ఇంక ఈ బల్ల దగ్గర కూర్చోకూడదు. ఆ కాగితం మీ మీద కోపంతో రాసింది కాదు. నా మీద సిగ్గుతో రాసింది."

కుట్టక్క ముఖం పక్కకి తిప్పుకుంది.

కొత్తమ్మకి ఏడుపు వచ్చింది. ఆ మాట బాబాయిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి తెలీదేమో గానీ, ఆమెకి తెలుసు. తనే పట్టుకొచ్చింది. గోడకి పెట్టె తగిలించి, నోటీసు అంటించి, ఫొటో ఫ్రేము పెట్టి, ఆరు నెలలుగా కొంచెం కొంచెంగా ఆ మాటని ఇక్కడ నాటింది. అందరి మంచికేననుకుంటూ చేసింది. ఈ పనివాళ్లకి కావలసింది ఫ్రేములో తమ ముఖం కాదు. అద్దం ముందు ఎవరో సూటిగా నడవడం. ఆ కాస్తా తీసేసి, బదులుగా పట్టిక ఇచ్చింది. ప్రతి ఆదివారం మావయ్య దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఆ పట్టికలే చూపించింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, బావుందమ్మా అనేవాడు. ఏం చెయ్యను మావయ్యా అని ఒక్కరోజైనా అడిగిన పాపాన పోలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని అందరివైపు తిరిగింది.

"అందరూ వినండి. పాప బూట్లు తప్పుగా వచ్చింది నావల్ల. బొమ్మ నేను వేయించా, మీకెవరికీ చెప్పలేదు. అడిగే దారి కూడా నేనే మూసేశా. బాబాయి తప్పని ఎవరైనా అంటే నేను ఊరుకోను." నోటీసు దగ్గరికి వెళ్లి చింపేసింది. పెట్టె ఊడబీకి బల్లమీద బోర్లించింది. ఆరు నెలల సందేహాలన్నీ కలిపి మూడు రాలాయి. ఒక చాక్లెట్ కాగితం, ఒక గుండీ, 'ఫ్యాను గాలి నా వైపు రావట్లేదు' అన్న చీటీ.

"ఆ చీటీ నాదే," అంది కుట్టక్క. "నాలుగు నెలలైంది వేసి. ఇప్పటికీ రావట్లేదు. ఆ పెట్టె నాకిచ్చెయ్, దారపుండలు పెట్టుకుంటా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కార్ఖానాలో నవ్వు వినపడి చాలా రోజులైంది. బాబాయి మాత్రం నవ్వలేదు. పాప బూట్లని దగ్గరికి లాక్కుని, సంచిలోంచి రంపె పైకి తీశాడు.

"రేపు పదింటికి పాపని రమ్మనండి. ఈ జత మాత్రం సరిచేసి పెడతా. తర్వాత సంగతి తర్వాత."

ఎడమ బూటుకున్న ఎత్తు ఊడదీశాడు. బెండు పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, కుడి బూటుకి సరిపోయేలా చెక్కాడు. కొత్తమ్మ తన గదికి వెళ్లలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యలో ఆయన తలెత్తకుండానే, "ఇది గట్టిగా పట్టుకో," అన్నాడు. పట్టుకోండి అనలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు గానీ ఆమె గమనించింది. సాయంత్రం జిగురు ఆరడానికి బూట్లని బిగించి పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రాజీనామా కాగితం బల్లమీద లేదు. చింపేశాడో, జేబులో పెట్టుకున్నాడో ఎవరూ చూడలేదు.

మర్నాడు పదికి ఐదు నిమిషాలుండగానే డ్రైవరు పాపని తీసుకుని వచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్ల. రెండు జడలు, చేతిలో ఒక అరటిపండు. బూట్లు గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉన్నాయి. బాబాయి స్టూలు మాత్రం ఖాళీగా ఉంది.

కొత్తమ్మ రెండుసార్లు వీధి తలుపు దాకా వెళ్లి వచ్చింది. కుట్టక్క గడియారం వంక చూసి, "వస్తాడులే. ఆ మనిషి ఆలస్యంగా రావడం నేను రెండుసార్లే చూశా. ఒకటి ఆయన పెళ్లినాడు, ఒకటి కూతురి పెళ్లినాడు," అంది గానీ ఆమె గొంతులోనూ ధీమా లేదు. పదైంది. పదింపావైంది. డ్రైవరు ఇబ్బందిగా కదిలాడు. ఇంక లాభం లేదని కొత్తమ్మే వంగి పాపకి బూట్లు తొడిగి, లేసులు కట్టింది.

"ఇవి చేసినాయన ఏరీ?" అంది పాప.

కొత్తమ్మ అద్దం దగ్గరికి వెళ్లి తనే నిలబడబోయింది. అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది.

"ఆగు పాపా! నేను రాకుండానే నడిచేస్తావా?"

బాబాయి. ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని పెద్దాయన. ఆరు నెలల తర్వాత మొదటిసారి గడపలో నిలబడ్డాడు. కార్ఖానా అంతా హాల్లోకి వచ్చేసింది. పెద్దాయన ఎవరినీ పలకరించలేదు. వేలు పెదవుల మీద పెట్టి, పాప వైపు చూపించాడు. పది అడుగులప్పుడు ఎవరూ మాట్లాడకూడదు మరి. బాబాయి గబగబా వెళ్లి అద్దం పక్కన నిలబడ్డాడు.

పాప గోడ మీద చెయ్యి వేసి మొదటి అడుగు వేసింది. రెండోది. మూడో అడుగు దగ్గర చెయ్యి తీసేసి చూసుకుంది. నాలుగు, ఐదు. అద్దంలో తనని తాను చూసుకుంటూ నడుస్తోంది. భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తొమ్మిది. పదో అడుగు వేసి అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. తర్వాత బాబాయి వైపు తిరిగి, ఇందాకటి నుంచీ చేతిలోనే ఉన్న అరటిపండు ఆయనకి ఇచ్చేసింది.

బాబాయి ఆ పండుని రెండు చేతులతో అందుకున్నాడు. డ్రైవరు కళ్లొత్తుకున్నాడు. కుట్టక్క బాహాటంగానే ముక్కు చీదింది.

డ్రైవరూ పాపా వెళ్లాక కొత్తమ్మ మావయ్య దగ్గరికి పరుగెత్తింది. "ఎందుకొచ్చారు మావయ్యా? కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా?"

"నేనే తీసుకొచ్చా," అన్నాడు బాబాయి. "నన్ను పనిలో పెట్టుకున్నది ఈయన. మానేస్తానని ఈయనకి చెప్పకుండా పోకూడదని పొద్దున్నే వెళ్లా. చెప్పాపెట్టకుండా వెళ్లానేమో, ఈ మహారాజు గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తూ దొరికిపోయాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ. అచ్చం మన పాపలాగే."

కొత్తమ్మ తెల్లబోయింది. ప్రతి ఆదివారం తను వెళ్లేసరికే ఆయన కుర్చీలో ఉండేవాడు. తను బయల్దేరినా లేచేవాడు కాదు. నువ్వెళ్లమ్మా, నేను కాసేపు ఇక్కడే కూర్చుంటా అనేవాడు. పక్షవాతం కాలిని ఇంకా వదల్లేదని ఆమెకి తెలియనే తెలియదు. మోకాళ్ల మీద ఆ దుప్పటి ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"నాకు ఒక్క మాట చెప్పలేదేం మావయ్యా?"

"నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు పెద్దాయన. మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ నవ్వు పాతదే. "ఊరందరినీ నడిపించినవాణ్ణి. నేను ఇలా నడుస్తుంటే నువ్వు చూడకూడదనుకున్నా. సిగ్గేసింది అమ్మడూ."

బాబాయి జేబులోంచి నిన్నటి కాగితం తీశాడు. చింపలేదు. మడత విప్పి, అద్దం చట్రంలో దోపాడు.

"ఈయనకి ఒక జత కావాలి. అది నేను చెయ్యను. కుట్టక్కా చెయ్యదు. నువ్వు చెయ్యాలి, కొలత దగ్గర్నుంచి చివరి కుట్టు దాకా. ఎలాగో నేను చూపిస్తా, చెయ్యి మాత్రం నీది. ఈయన ఆ బూట్లతో పది అడుగులూ వేసిన రోజున ఆ కాగితం సంగతి తేల్చుకుందాం. అందాకా అక్కడే ఉంటుంది."

"నేనా?" అంది కొత్తమ్మ. ఆమె జన్మలో బూటుకి లేసు కట్టడం తప్ప ఇంకేమీ చేసి ఎరుగదు. అయినా సరేనని తల ఊపింది.

పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టారు. కుట్టక్క తెల్లకాగితం తెచ్చి నేలమీద పరిచింది. కొత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని, ఆయన ఎడమపాదం ఎత్తి కాగితం మీద పెట్టి, పెన్సిలు అందుకుంది. గీత మొదలుపెట్టబోతూ ఆగి, తల పైకెత్తింది.

"ఎక్కడ నొప్పిగా ఉంటుంది మావయ్యా?"

ఆరు నెలల్లో ఈ కార్ఖానాలో ఒకరి బాధ గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. బాబాయి ముఖంలో సంతోషం దాగలేదు. పెద్దాయన మాత్రం తల వంచాడు. కాగితం మీదున్న తన పాదం వంక, అది ఇంకెవరిదో అయినట్టు చూశాడు.

"నొప్పి లేదమ్మా," అన్నాడు. "ఏమీ లేదు. నువ్విప్పుడు దాన్ని పట్టుకున్నావని చూస్తే తెలిసింది గానీ, పట్టుకున్నట్టు స్పర్శే తెలియలేదు."

బాబాయి ముఖంలో నవ్వు మాయమైంది. ఈ సంగతి ఆయనకీ తెలియదు. బూటు కరిస్తే అబ్బా అనే పాదానికి ఎవరైనా చేస్తారు. కరిచినా తెలియని పాదానికి లోపల గోరంత కుట్టు పైకి లేచినా పుండవుతుంది, ఆ పుండు ముదిరేదాకా మనిషికి తెలియదు. ముప్పై ఏళ్లలో అలాంటి పాదానికి ఈ కార్ఖానా ఒక్క జత కూడా చేయలేదు. అలాంటి పాదంతో వచ్చినవాళ్లని ఇదే పెద్దాయన చేతులు జోడించి వెనక్కి పంపించేసేవాడు.

అది అక్కడున్న అందరికీ తెలుసు, కొత్తమ్మకి తప్ప. ఎవరి ముఖంలోకి చూసినా చూపు తప్పించుకుంటున్నారు. ఆమె పెన్సిలు కింద పెట్టేసింది. ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్క వేలే తడిమి చూడడం మొదలుపెట్టింది.